కీమో రోజుల్లో కషాయం తాగొచ్చా?

మీకో మీ ఇంట్లోవాళ్ళకో సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్‌లలో ఏదో ఒకటి ఎక్కిస్తున్నారనుకుందాం. మొదటి సైకిల్ పూర్తయ్యేలోపే ఇంటికి సీసాలూ పొట్లాలూ రావడం మొదలవుతుంది. ఊరి నుంచి మేనత్త లక్ష్మణఫలం ఆకులు ఎండబెట్టి పంపుతుంది. ఆఫీసులో ఒకాయన పసుపు గుళికల డబ్బా తెచ్చి చేతిలో పెడతాడు. డాలస్‌లో ఉన్న తమ్ముడు గ్రీన్ టీ సారం పార్సిల్ చేస్తాడు. గోధుమగడ్డి రసం గురించీ తిప్పతీగ కషాయం గురించీ వాట్సాప్‌లో రోజుకో వీడియో. ఇందులో ఎవరి మనసూ చెడ్డది కాదు. వద్దంటే నొచ్చుకుంటారు. తాగితే ఏమవుతుందో మీకు తెలీదు. డాక్టరు గారినే అడిగేద్దామంటే కసురుకుంటారేమోనని బెరుకు. చివరికి చాలామంది ఏం చేస్తారు? ఎవరికీ చెప్పకుండా తాగేస్తారు. ఈ అధ్యాయం అలాంటి వాళ్ళ కోసం.

నేను చెప్పబోయేది ఒక్క మాట. కూరలో, చారులో పడే పసుపుకీ, గుళికలో దట్టించిన పసుపు సారానికీ మధ్య ఒక గీత గీసుకోండి. గీతకి ఇవతల ఉన్నదాన్ని నిశ్చింతగా తినండి. అవతల ఉన్నదాన్ని, అది ఆకు కషాయమైనా వేరు పొడైనా విదేశీ మాత్రైనా, ప్లాటినం మందు నడుస్తున్నన్నాళ్ళూ మీ ఆంకాలజిస్టు చూసి సరే అనేదాకా ముట్టకండి. మొక్కల్లో సత్తువ లేదని ఈ మాట అనడం లేదు. సత్తువ ఉంది కాబట్టే అంటున్నాను. అది రోగికి అండగా నిలుస్తుందో గడ్డకి కాపు కాస్తుందో ఇంట్లో కూర్చుని తేల్చలేం.

ఎందుకు తేల్చలేమో అర్థం కావాలంటే ఈ మందు స్వభావం కొంచెం తెలియాలి. పేరులోనే ఉన్నట్టు వీటి నడిమధ్యన నిజంగానే ప్లాటినం లోహపు పరమాణువు ఉంటుంది. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోసెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా మీద విద్యుత్తు ప్రభావం చూస్తుండగా, ప్లాటినం ఎలక్ట్రోడుల నుంచి కరిగి వచ్చిన పదార్థం కణాలు విడిపోకుండా ఆపేస్తోందని బయటపడింది. 1978లో సిస్‌ప్లాటిన్ మందుగా అనుమతి పొందింది. అది రక్తంలో ఉన్నంతసేపూ దానికి అంటుకున్న క్లోరైడ్ చాలావరకు ఊడదు, ఎందుకంటే రక్తంలోనే క్లోరైడ్ ఎక్కువ. కణం లోపలికి వెళ్ళాక అక్కడ క్లోరైడ్ తక్కువ కనుక అది ఊడి, ఆ చోట నీరు చేరి, ప్లాటినం చేతులు ఖాళీ అవుతాయి. ఆ చేతులతో డీఎన్‌ఏని పట్టుకుని వంచేస్తుంది. కణం ఇక విభజన చెందలేక చస్తుంది. ఈ రసాయనం ఎంత సున్నితమంటే, సిస్‌ప్లాటిన్‌ని ఉప్పు ఉన్న సెలైన్‌లోనే కలపాలి. అదే వంశానికి చెందిన ఆక్సాలిప్లాటిన్‌ని సెలైన్‌లో కలపనే కూడదు, డెక్స్‌ట్రోస్‌లో కలపాలి. సిస్‌ప్లాటిన్‌కి అల్యూమినియం భాగాలున్న సూదులు కూడా వాడరు, ఆ లోహం తగిలితే మందు విరిగిపోతుంది. (ఇది బాటిల్‌లో మందు కలిపేవాళ్ళు పాటించే నియమం. మీ అన్నంలో ఉప్పుకి దీంతో సంబంధం లేదు, దయచేసి ఉప్పు మానేయకండి.)

ఇప్పుడు అసలు చిక్కు. ప్లాటినానికి డీఎన్‌ఏ కన్నా గంధకం మీద మక్కువ ఎక్కువ. మన కణాల్లో గ్లూటాథయోన్ అనే గంధకపు పదార్థం ఉంటుంది. విషాలని పట్టి బయటికి నెట్టడం దాని పని. అది ప్లాటినాన్ని కూడా అలాగే పట్టేస్తుంది. కీమోకి మొండికేసిన గడ్డల్లో ఈ గ్లూటాథయోన్ పెరిగి ఉండటం పరిశోధకులు తరచూ చూసే విషయం. పసుపులోని కర్క్యుమిన్, క్యాబేజీ జాతి కూరల్లోని సల్ఫోరాఫేన్ గొప్పవని ఎందుకు చెబుతారు? కణంలో ఈ రక్షణ వ్యవస్థని మేల్కొలుపుతాయి కాబట్టి. ఆరోగ్యవంతుడికి అది వరమే. కానీ పెద్ద మోతాదులో పడ్డప్పుడు ఆ మేల్కొలుపు ఈ మందు దెబ్బతీసే కిడ్నీ కణానికి మాత్రమే అంది, గడ్డ కణానికి అందకుండా ఉంటుందా? గడ్డకి ప్రత్యేకంగా తలుపు మూసే తెలివి ఏ ఆకుకీ లేదు. ఇక క్వెర్సెటిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ లాంటివి లోహాలని నేరుగా పట్టుకోగల నిర్మాణం ఉన్నవి. మొక్క పదార్థం మందుని నేరుగా కట్టిపడేయడం ఊహ కాదని 2009లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల్లో చూపించారు. అక్కడి మందు ప్లాటినం కాదు, మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి వాడే బోర్టెజోమిబ్. గ్రీన్ టీ పదార్థం దాన్ని అంటిపెట్టుకుని పని చేయనివ్వలేదు.

"రక్షణ మంచిదేగా, కీమో దుష్ప్రభావాలు తగ్గుతాయిగా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు సోడియం థయోసల్ఫేట్ అనే మందు చరిత్రలో ఉంది. సిస్‌ప్లాటిన్ వల్ల పిల్లల్లో చాలామందికి చెవుడు వస్తుంది. గంధకం ఉన్న ఈ థయోసల్ఫేట్ ప్లాటినాన్ని పట్టేసి చెవిని కాపాడుతుంది. అలాగని కలిపి ఇచ్చేశారా? లేదు. సిస్‌ప్లాటిన్ ఎక్కడం పూర్తయ్యాక ఆరు గంటలు ఆగి ఇచ్చారు. అప్పటికి రక్తంలో స్వేచ్ఛగా తిరిగే ప్లాటినం దాదాపు అయిపోయి, గడ్డలో దాని పని అది చేసుకుని ఉంటుంది. కాలేయపు గడ్డ ఉన్న పిల్లల మీద జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో చెవుడు 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది. 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ శరీరంలో ఇతర చోట్లకి పాకని గడ్డలున్న పిల్లలకే. ఎందుకంటే మరో పరీక్షలో వ్యాధి పాకిన పిల్లల్లో ఈ మందు తీసుకున్నవాళ్ళు తక్కువమంది బతికారు. గంటలు లెక్కపెట్టి, మోతాదు కొలిచి, పెద్ద ఆసుపత్రుల్లో ఇచ్చిన ఒకే ఒక్క స్వచ్ఛమైన పదార్థమే కొందరికి మేలు, కొందరికి అనుమానం అయింది. వందల పదార్థాలున్న కషాయాన్ని పొద్దున్నా సాయంత్రం తాగుతూ ఆ రక్షణ సరైనవాళ్ళకే అందుతుందని ఏ ధైర్యంతో నమ్ముతాం?

ఇంకొకరు పరిశోధన పత్రమే పంపుతారు. "ఫలానా మొక్క సారం సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే క్యాన్సర్ కణాలు రెట్టింపు చచ్చాయట!" ఇలాంటివి నిజంగానే బోలెడున్నాయి, అబద్ధాలు కావు. వాటిని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది: ఎంత మోతాదు? పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. మనుషులకి రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ నేరుగా ఇచ్చినా రక్తంలోకి చేరేది అత్యల్పం. గాజు పళ్ళెంలో కణాల మీద పోసే గాఢత సాధారణంగా దానికి ఎన్నో రెట్లు. రెండోది: దేంట్లో కరిగించారు? మొక్క పదార్థాలు నీళ్ళలో సరిగా కరగవు, అందుకని ప్రయోగశాలల్లో డీఎంఎస్ఓ అనే ద్రావకం వాడతారు. అందులోనూ గంధకమే ఉంది. అది సిస్‌ప్లాటిన్‌నీ కార్బోప్లాటిన్‌నీ నిర్వీర్యం చేస్తుందని, డీఎంఎస్ఓ వద్దే వద్దని 2014లో క్యాన్సర్ రీసెర్చ్ పత్రికలో ఒక బృందం గట్టిగా హెచ్చరించింది. అంటే ప్లాటినంతో మొక్కల జోడీ గురించి వచ్చిన ఫలితాల్లో కొన్నిటికి పునాదే కదిలింది. మూడోది: ఎలుకకి గడ్డ ఉందా? కిడ్నీలని కాపాడిందని చెప్పే ఎలుకల ప్రయోగాలు చాలావాటిలో ఎలుకకి క్యాన్సరే ఉండదు. కిడ్నీ బాగుపడిందని తెలుస్తుంది, గడ్డకి ఏమైందో తెలియదు. గడ్డ ఉన్న ఎలుకల మీద చేస్తే? విటమిన్ సి మీద న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ సంస్థ వాళ్ళు చేసి 2008లో చెప్పారు: కీమో మందుల దెబ్బ తగ్గిపోయిందని. వాళ్ళు కణాల మీద పరీక్షించిన మందుల్లో సిస్‌ప్లాటిన్ ఉంది.

మనుషుల మీద మంచి ఫలితాలే లేవా అంటే, ఉన్నాయి, దాచకూడదు. ఇంగ్లండులోని లెస్టర్‌లో పాకిన పేగు క్యాన్సర్ ఉన్న 28 మందిలో కొందరికి ఆక్సాలిప్లాటిన్ ఉన్న కీమోతో పాటు రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. 2019లో ప్రచురించారు. ప్రమాదం కనిపించలేదు, కొంత ఆశ కూడా కలిగింది. కానీ ఆ పరీక్ష ఉద్దేశం ఇది సురక్షితమా కాదా అని చూడటం. 28 మందితో ఆయుష్షు లెక్క తేలదు. పైగా వాళ్ళు వాడింది కొలిచిన మోతాదు, ప్రతి రక్త పరీక్షా డాక్టర్ల కళ్ళ ముందు. మీ ఊళ్ళో కర్క్యుమిన్ పరీక్ష జరుగుతుంటే అందులో చేరతారా అని మీ ఆంకాలజిస్టు అడిగితే సంతోషంగా ఆలోచించండి. డబ్బా కొనుక్కుని ఒంటరిగా మింగడం ఆ పరీక్షకి నకలు కాదు.

"ఇదంతా సహజమైనది, దీంతో హాని ఏమిటి?" అన్నది అందరికన్నా గట్టిగా వినిపించే మాట. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ తీస్తారు. కార్బోప్లాటిన్‌తో జోడీగా ఇచ్చే పాక్లిటాక్సెల్ ఒక చెట్టు బెరడు నుంచి దొరికింది. సిస్‌ప్లాటిన్‌తో ఇచ్చే ఎటోపోసైడ్‌కీ మూలం మొక్కే. మొక్కలు ఎంత బలమైనవో క్యాన్సర్ వార్డుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే మీరు తాగేది కూడా మందేనని అక్కడివాళ్ళు లెక్కలోకి తీసుకుంటారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1940ల్లో రక్త క్యాన్సర్ పిల్లలకి ఇస్తే, వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకుంది. ఆ గమనింపు నుంచే ఫోలిక్ యాసిడ్‌కి విరుద్ధంగా పనిచేసే మందులు పుట్టాయి. ఒంటికి బలమిచ్చేది గడ్డకీ బలమివ్వగలదని మనవాళ్ళ పనే ప్రపంచానికి చూపించింది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? కష్టమైనవేమీ కావు.

1. ఈ రోజే ఒక కాగితం తీసుకుని, నోట్లోకి వెళ్తున్న ప్రతిదీ రాయండి. ఆయుర్వేదం, హోమియో, విటమిన్ మాత్ర, ప్రొటీన్ పొడి, పరగడుపున తాగే రసం, అన్నీ. పేరు తెలియని పొడి ఉంటే పొట్లమే తీసుకెళ్ళండి. లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. "అది మందు కాదులే" అని మీరే వడపోయకండి. పెద్ద తప్పు జరిగేది అక్కడే.

2. డాక్టరు గారిని ఎలా అడగాలి? "ఇది తాగొచ్చా?" అంటే ఒక్క ముక్కలో "వద్దు" అని వస్తుంది, మీకు తృప్తి ఉండదు. ఇలా అడిగి చూడండి: "సార్, నాకు ఇస్తున్న మందులన్నిటిలో దీనివల్ల దేనికైనా ఇబ్బంది ఉందా? నా క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, లివర్ రిపోర్టు చూసి చెప్పండి." ఎందుకంటే ప్లాటినం ఒంటరిగా రాదు. దాని పక్కన వచ్చే పాక్లిటాక్సెల్, ఎటోపోసైడ్, ఇరినోటెకాన్ లివర్‌లో అరిగిపోయే మందులు, లివర్ వేగాన్ని మార్చే మొక్కలు వాటి మోతాదునే మార్చేస్తాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే విదేశీ మూలిక మనసుకి మంచిదని అమెరికాలో విరివిగా అమ్ముతారు. అది ఇరినోటెకాన్ అసలు పనిచేసే రూపాన్ని రక్తంలో 42 శాతం తగ్గించిందని 2002లో తేలింది. పసుపు గుళికల్లో మిరియాల సారం ఎందుకు కలుపుతారో తెలుసా? 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్ళు మిరియాల్లోని పైపరిన్ కలిపితే కర్క్యుమిన్ రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరుతోందని చూపారు. లివర్ పనిని అడ్డుకోవడం అందులో ఒక కిటుకు. కర్క్యుమిన్‌కి తెరిచిన ఆ తలుపులోంచి మీ కీమో మందు కూడా దూరవచ్చు. డాక్టరు గారు హడావుడిలో ఉంటే ఆసుపత్రి ఫార్మసిస్టుని అడగండి, డే కేర్ నర్సుకైనా చూపించండి. కసురుకున్నా సరే, విషయం మీ ఫైల్లోకి ఎక్కితే మీ పని అయినట్టే.

3. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి. "అత్తయ్యా, మందు నడిచినన్నాళ్ళూ వాళ్ళు రాసివ్వంది ముట్టొద్దన్నారు. ఈ పొట్లం తీసుకెళ్ళి చూపించి అడుగుతా" అనండి. అవమానం ఎవరికీ జరగదు. వాళ్ళకి ఏదో ఒకటి చేయాలని ఉంటుంది, ఆ ఆరాటానికి వేరే పని ఇవ్వండి. పత్యానికి తగిన వంట చేసి పంపమనండి. ఆసుపత్రికి తోడు రమ్మనండి.

4. కీమో రోజున కాకుండా మిగతా రోజుల్లో తాగుతామంటారు కొందరు. రెండు గంటలు తేడా పెడితే చాలంటారు మరికొందరు. స్వేచ్ఛగా ఉన్న సిస్‌ప్లాటిన్ రక్తంలోంచి కొన్ని గంటల్లో తగ్గిపోయేమాట నిజం. కార్బోప్లాటిన్ ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. కానీ రోజూ తాగే కషాయం కణాల్లో పెంచిన గ్లూటాథయోన్, లివర్‌లో మార్చిన ఎంజైములు తాగడం ఆపిన గంటకే మామూలుకి రావు. అందుకే గడియారం చూసుకుని తాగే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. థయోసల్ఫేట్ ఆరు గంటల లెక్క ఏళ్ళ తరబడి పరీక్షించి తేల్చింది. మన కషాయానికి అలాంటి లెక్క ఎవరూ కట్టలేదు.

5. కిడ్నీలని కన్నుల్లా చూసుకోండి. సిస్‌ప్లాటిన్ ముందుగా దెబ్బతీసేది వాటినే. కార్బోప్లాటిన్ మోతాదునైతే కిడ్నీ వడపోత ఎంతుందో చూసే లెక్కకడతారు. కిడ్నీకి హాని చేసే మూలిక పడితే ఆ లెక్కే తప్పుతుంది. ఈశ్వరి, గాడిదగడపాకు లాంటి అరిస్టోలోకియా జాతి మొక్కల్లో ఉండే ఆమ్లం కిడ్నీలని శాశ్వతంగా పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే గుళికల్లో ఇది పొరపాటున కలిసి ఎందరో ఆడవాళ్ళు కిడ్నీలు పోగొట్టుకున్నారు. లోహ భస్మాలు కూడా ఈ రోజుల్లో వద్దు. మరి కిడ్నీలని కాపాడేది ఏది? సెలైన్, మెగ్నీషియం, నీళ్ళు. ఆడంబరం లేని ఈ మూడే పరీక్షకి నిలిచినవి. వాంతుల వల్ల నీళ్ళు తాగలేకపోతుంటే ఇంట్లో ఓర్చుకోకండి, అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

6. ప్లేట్‌లెట్లు తగ్గాయని బొప్పాయి ఆకు రసం, రక్తం పట్టాలని గోధుమగడ్డి రసం మొదలుపెడతారు. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గే తీరు వేరు, కీమో ఎముక మజ్జని అణచడం వల్ల తగ్గే తీరు వేరు. అంతకన్నా ముఖ్యం, తెల్లకణాలు తగ్గిన రోజుల్లో ఉడకని ఆకు రసంతో క్రిములు నేరుగా లోపలికి వెళ్తాయి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళాలి, తులసి కషాయం తాగి తెల్లారేదాకా చూడకూడదు. వెల్లుల్లి గుళికలు, జింకో లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు అది ప్రమాదం.

7. ఇక వంటిల్లు. పప్పు, చారు, ఆకుకూర, పెరుగన్నం, గుడ్డు, ఉడికించిన కూరలు, తాలింపులో వెల్లుల్లి, చారులో మిరియాలు, అన్నంలోకి ఉసిరికాయ పచ్చడి: ఒంటికి పడినంతవరకు తినండి. చారులో వేసే పసుపులో కర్క్యుమిన్ మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. వికారానికి అల్లం ముక్క, పలచటి అల్లం టీ వంటింటి పరిధిలోవే. కొన్ని పరీక్షల్లో అల్లం కొంత మేలు కూడా చూపింది, కానీ వాంతుల మాత్రకి బదులు కాదు. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవాళ్ళు మాత్రం ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు చల్లటి నీళ్ళు, ఐస్‌క్రీమ్, ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ మానాలి, చలి తగిలితే గొంతూ వేళ్ళూ తిమ్మిరెక్కి జివ్వుమంటాయి. భయంతో అన్నీ మానేసి బరువు తగ్గిపోవడం కషాయం తాగడం కన్నా పెద్ద తప్పు.

8. ఈ అధ్యాయం చదివి డాక్టరు రాసిన విటమిన్ ఆపేయకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ప్లాటినంతో పాటు పెమెట్రెక్సెడ్ ఇస్తే, దాని విషప్రభావం తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి12 ఇంజెక్షన్ కావాలనే రాస్తారు. పైన చెప్పుకున్న ఆ ఫోలిక్ యాసిడే. కొలిచి, కారణంతో ఇచ్చినప్పుడు అది చికిత్సలో భాగం.

9. ఇప్పటికే రెండు సైకిళ్ళుగా తాగుతున్నారా? గుండెలు బాదుకోకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆపేసి, ఎప్పటి నుంచి ఎంత తాగారో రాసుకుని వచ్చే విజిట్‌లో చెప్పండి. కళ్ళు పచ్చబడ్డా, మూత్రం తగ్గినా, చెవిలో హోరు వినిపించినా, వేళ్ళ తిమ్మిరి పెరిగినా విజిట్ దాకా ఆగకండి. చివరి సైకిల్ అయిపోయిందని మర్నాడే లక్ష్మణఫలం ఆకుల డబ్బా తెరవడం కూడా తొందరపాటే. ప్లాటినం నరాలకి చేసే హాని మందు ఆపాక కూడా కొన్ని నెలలపాటు పెరగొచ్చు. లక్ష్మణఫలంలోని అనోనాసిన్ నరాలకి విషం, గ్వాడెలోప్ దీవిలో ఆ పళ్ళూ ఆకులూ విరివిగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్ లాంటి జబ్బు ఎక్కువ కనిపించిందని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చికిత్స తర్వాతి మొదటి చెకప్‌కి వెళ్ళినప్పుడు క్రియాటినిన్, లివర్ రిపోర్టులు చేతిలో పెట్టుకుని, మీరు మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటున్న వాటి జాబితా ముందు పెట్టి ఒక్కొక్కటీ అడగండి.